కారణం అనే గడి

ఎస్తోనియాలో, తాపా దండు పేటలో
ట్రక్కుల షెడ్డు రిజిస్టరు నా దగ్గరుంటుంది.
తేదీ, వేళ, పేరు, గాయం, కారణం.
కారణానికి ఇచ్చిన గడి
అగ్గిపెట్టె అంత.

ఇక్కడ యుద్ధం లేదు.
ఉన్నదల్లా మంచు, డీజిలు వాసన,
పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఇరవైమంది, వాళ్ల నిద్రమత్తు.
రిజిస్టరు తిరగేస్తే శత్రువు పేర్లు ఇవే:
జారిన మెట్టు. ఊడిన గొట్టం. జేబులోనే ఉండిపోయిన కళ్లద్దాలు.
"ఒక్క నిమిషమే కదా" అన్న మాట,
అది మాత్రం పేజీకి మూడుసార్లు.

గుమ్మం పక్క చెక్కకు మేకులున్నాయి.
లోపలికి వచ్చేవాళ్లు ఉంగరాలు తీసి అక్కడ తగిలించాలి.
మొదటి మేకుకున్న ఉంగరం
పదకొండేళ్లుగా అక్కడే ఉంది, ఉర్మాస్‌ది.
ట్రక్కు మీంచి దూకాడు. ఉంగరం కొక్కేనికి చిక్కింది.
మనిషి కిందికి, వేలు పైనే.
కొత్తవాళ్లకు ఆయన పాఠం చెప్పడు.
ఎడమ చెయ్యి ఎత్తి, నాలుగు దాకా లెక్కపెట్టి
టీ తాగడానికి పోతాడు.

పాఠం చెప్పేది మారికా, వైద్య విభాగం సార్జెంటు.
"నెత్తురును చూడకండి, అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి.
పట్టీ గాయానికి పైన. కీలు మీద కాదు.
కర్ర తిప్పండి. వాడు అరుస్తాడు. ఇంకా తిప్పండి.
మిమ్మల్ని తిడితే సంతోషించండి,
తిట్టడానికి ఊపిరి ఉందన్నమాట.
వేళ రాయండి. రాయని వేళ
డాక్టరుకు చేరని ఉత్తరం."
నవ్వుకుంటూ ఒకరి తొడలు ఒకరం బిగించుకున్నాం.
నా తొడ మీద ఆ నీలం గీత రెండు రోజులుంది.

ఫిబ్రవరి. సున్నాకు ఇరవై ఆరు కింద.
పక్క ట్రక్కు ఇంజను నడుస్తోంది, షెడ్డంతా పొగ.
పొగకు వాసన లేని చెల్లెలొకతె ఉంటుందనీ
జోకొట్టి నిద్రపుచ్చి తీసుకుపోతుందనీ
మాకు నేర్పారు. నేర్చుకున్నాను. తలుపు తెరిచాను.
గాలి దాన్ని మళ్లీ మళ్లీ మూసింది.
చేతికందిన ఇనుప ముక్కాలి తెచ్చి
తలుపుకు అడ్డం పెట్టాను.
నన్ను నేనే మెచ్చుకున్నాను.

అది కాస్పర్ ట్రక్కు కింద ఉండవలసిన ముక్కాలి.

అతను వెతకలేదు. జాకీ ఉంది కదా. ఒక్క నిమిషమే కదా.
జాకీ జారిన చప్పుడు పెద్దదేం కాదు,
ఎవరో సంచి దించినట్టు.
చక్రం ఊడదీసిన డ్రమ్ము అంచు
అతని పిక్కను కోసుకుంటూ నేలకు దిగింది.

తర్వాత నా చేతులు నన్ను అడగలేదు.
పట్టీ. మోకాలికి పైన. కర్ర.
అతని తిట్టు, మా అమ్మదాకా వచ్చిన తిట్టు.
అంత తియ్యటి మాట నేనెప్పుడూ వినలేదు.
ఇంకా తిప్పాను.
కలం లేదు. గ్రీజులో వేలు ముంచి
అతని నుదుటి మీద రాశాను: రెండు, పదిహేడు.
ఉర్మాస్ అతని తల ఒళ్లో పెట్టుకుని
నాలుగు వేళ్లతో జుట్టు నిమురుతూ
గడ్డకట్టిన సరస్సుకు చిల్లు ఎలా తవ్వాలో,
చేప ఎప్పుడు కొరుకుతుందో
చెబుతూనే ఉన్నాడు, అంబులెన్సు వచ్చేదాకా.

కాస్పర్ కాలు దక్కింది.
మెట్ల దగ్గర మాత్రం ఒక్కో మెట్టుకూ
రెండేసిసార్లు ఆలోచిస్తుంది.
అతను నన్నేమీ అనలేదు.
"వేళ బాగా రాశావు" అంది మారికా.
దళాధిపతి అందరి ముందూ నా పేరు చదివాడు.

ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
'జాకీ జారింది' అని రాయవచ్చు. అబద్ధం కాదు.
అగ్గిపెట్టెలో పడుతుంది కూడా.
రాశాను: ముక్కాలి తలుపు దగ్గర ఉంది.
పెట్టింది నేను. పొగ పోవాలని.
అక్షరాలు గడి దాటి
కింది ఖాళీ వరుసలోకి,
ఇంకా జరగని ప్రమాదంలోకి దిగిపోయాయి.

ఇప్పుడు తలుపుకు ఒక రాయి ఉంది, గొర్రెపిల్ల అంత.
మంచు కరిగాక పొలం గట్టున దొరికింది.
పసుపు రంగు వేశాను.
కొత్త కుర్రాళ్లు బూటుతో తట్టి ఇదేమిటంటారు.
తలుపు రాయి, అంటాను.
ఉంగరాలు తీయండి, అంటాను.